రైతు కొట్టంలో గట్టి వైసు – యెంచుకునే పద్ధతి



యెద్దును కొనబోతే మనం పళ్లు పట్టి చూస్తాం, గిట్టలు యెత్తి చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. సుడులు కూడా లెక్కపెట్టేవాళ్లున్నారు. అదే మనిషి పట్నం పోయి ఇనుప సామాను కొట్లో వైసు కొనేటప్పుడు మాత్రం, నిగనిగలాడే నీలం రంగు చూసి, ధర అడిగి, సంచిలో వేయించుకుని వచ్చేస్తాడు. యెద్దు పదేళ్లు పనిచేస్తే గొప్ప. మంచి వైసు కొడుకుల కాలం దాటి మనుమల కాలానికి కూడా వుంటుంది. చెడ్డ వైసు మొదటి యేడే దవడ విరిగి మూల పడుతుంది. పడితే పడింది, డబ్బే గదా పోయింది అనుకోవద్దు. బిగించిన దవడ విరిగి కాలి మీద పడ్డా, ముక్క యెగిరి కంట్లో తగిలినా, పోయేది డబ్బు కాదు. అంచేత యీ వేళ వైసును గురించి కాస్త తీరికగా చెప్పుకుందాం.

వైసు అంటే తెలియనివాళ్లు లేరు. రెండు దవడలు, మధ్యన ఒక మర, మరను తిప్పడానికి అడ్డంగా ఒక కడ్డీ. కదలని దవడ బల్లకు బిగించి వుంటుంది. కదిలే దవడ మర తిప్పినకొద్దీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మధ్యన పెట్టిన వస్తువును గట్టిగా పట్టుకుని, మన రెండు చేతులనూ పనికి వదలిపెడుతుంది. వైసు చేసే మేలు అంతా యిదే. వైసు లేనివాడు ఒక చేత్తో ఇనుప ముక్కను పట్టుకుని, కాలితో తొక్కి, యింకో చేత్తో రంపం లాగుతాడు. రంపం జారితే బొటనవేలు తెగుతుంది. పల్లెల్లో యిట్లా తెగిన వేళ్లు యెన్నో మీరూ చూసేవుంటారు.

"ఊళ్లో కమ్మరి వున్నాడు గదా, మనకెందుకండీ యిదంతా?" అని మీరనవచ్చు. కమ్మరి పని కమ్మరిదే. కర్రు సాగదీయడం, పట్టా యెక్కించడం, నీళ్లు పోయడం ఆయన చేతికి రావలసిందే. అందులో మన దేశం కమ్మరులు సామాన్యులు కారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో పూర్వం తయారైన ఉక్కు ముద్దలు పర్షియా దాకా యెగుమతి అయ్యేవి. డమాస్కస్ కత్తులకు అవే మూలసరుకు. కాని యీనాడు చాలా ఊళ్లలో కొలిమి ఆరిపోయింది. రైతు దగ్గర చేరిన పనిముట్లు మాత్రం పెరిగాయి. మోటారు పంపు, పవర్ స్ప్రేయరు, ట్రాక్టరు కల్టివేటరు, రోటవేటరు, బిందు సేద్యపు గొట్టాలు. వీటిలో ఒక బోల్టు తల అరిగినా, ఒక కడ్డీ వంగినా, ఒక పైపు కొయ్యవలసి వచ్చినా పట్నానికి పరుగెత్తవలసిందే. పోవడం, రావడం, మెకానికు కోసం కాచుకోవడం – ఒక పూట పని కాస్తా రెండు రోజులు పడుతుంది. నేల పదును ఆ రెండు రోజులు మన కోసం కాచుకోదు. పూత మీదున్న మిరప తోటకు నీళ్లు ఆగితే పూత రాలక ఆగదు. యిటువంటి చిన్న రిపేర్లు మన కొట్టంలోనే చేసుకోవాలంటే, సుత్తె, ఆకురాయి, పానాల కంటె ముందు కావలసినది పట్టు విడవని వైసు.

ముందుగా యెంత సైజు కొనాలో చూద్దాం. వైసు సైజు అంటే దాని దవడ వెడల్పు. కొట్లో యిప్పటికీ అంగుళాల్లోనే అడుగుతారు. నాలుగంగుళాల వైసు అంటే దవడ వెడల్పు 100 మిల్లీమీటర్లు. అయిదంగుళాలది 125, ఆరంగుళాలది 150. మడక, గొర్రు, గుంటక, చేతి పంపు, స్ప్రేయరు వున్న రైతుకు 100 మిల్లీమీటర్ల వైసు చాలు. ట్రాక్టరు, కల్టివేటరు వున్నవాళ్లకు 125 గాని, 150 గాని కావాలి. నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కునేట్టయితే, లేదా రైతు సంఘం తరఫున అద్దె పనిముట్ల కేంద్రంలో పెట్టేట్టయితే 150 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు. దవడ వెడల్పు ఒక్కటే చూడకుండా మరో రెండు కొలతలు కూడా చూడండి. దవడలు యెంత దూరం విచ్చుకుంటాయి అనేది ఒకటి. దవడ పై అంచు నుంచి కిందనున్న జారుడు దిమ్మె దాకా యెంత లోతుంది అనేది రెండోది. లోతు తక్కువైతే వెడల్పాటి గుంటక పలుగు గాని, లావు పైపు గాని సగమే దిగుతుంది. సగం పట్టు మీద చేసే పని యెప్పటికైనా జారుతుంది.

యిక బరువు. ఒకే సైజు వైసులు రెండు పక్కపక్కన పెట్టి చేత్తో యెత్తి చూస్తే, ఒకటి తేలిగ్గా, ఒకటి బరువుగా తగలవచ్చు. ఒకే రకం ఇనుముతో పోసినవైతే బరువైనదే కొనండి. తక్కువ బరువు అంటే గోడలు పలచగా పోశారన్నమాట. అయితే యీ మాట ఒకే రకం ఇనుముకే వర్తిస్తుంది. ఇనుము రకం మారితే లెక్క మారుతుంది. ఆ రకాలేమిటో తెలుసుకోవడం యీ విషయంలో అన్నిటికంటె ముఖ్యం. కొంచెం శ్రద్ధగా వినండి.

బజారులో దొరికే వైసుల్లో యెక్కువ భాగం మామూలు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము చవుక. కరిగించి అచ్చులో పోస్తే యే ఆకారం కావాలంటే ఆ ఆకారం వస్తుంది. అదురును బాగా మింగుతుంది కూడా. కాని దానికి ఒక గుణం వుంది. నొక్కితే యెంతైనా ఓర్చుకుంటుంది. లాగితేనూ, వంచితేనూ, హఠాత్తుగా కొడితేనూ పుటుక్కున విరుగుతుంది. కారణం దాని కడుపులోనే వుంది. పోత ఇనుములో కలిసివున్న బొగ్గు పదార్థం – గ్రాఫైటు – సన్నని రేకుల రూపంలో అంతటా పరుచుకుని వుంటుంది. ఒక్కొక్క రేకూ లోపల ముందే పడివున్న చిన్న పగులు లాంటిది. పైనుంచి దెబ్బ పడగానే ఒక రేకు నుంచి యింకో రేకుకు పగులు పాకిపోతుంది. మేడి కర్రలో ముడులున్న చోట విరిగినట్టు, యిది రేకులున్న చోట విరుగుతుంది. విరిగేముందు వంగి మనకు హెచ్చరిక చేయదు కూడా.

1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అనే లోహశాస్త్రజ్ఞుడు కరిగిన ఇనుములో కొద్దిపాటి మెగ్నీషియం కలిపితే ఆ గ్రాఫైటు రేకులుగా కాక, చిన్న చిన్న ఉండలుగా గడ్డకడుతుందని కనిపెట్టాడు. రేకు చివర పగులు మొదలవుతుంది గాని, గుండ్రని ఉండకు చివర యేది? అంచేత యీ ఇనుము గట్టిగా వుంటూనే కొంత వంగుతుంది, తొందరపడి విరగదు. దీన్నే మన ఫౌండ్రీలవాళ్లు ఎస్.జి. ఐరన్ అంటారు, కొందరు డక్టైల్ ఐరన్ అంటారు. దీనితో పోసిన వైసు ధర హెచ్చు. దానికంటె గట్టిది సమ్మెటతో సాగగొట్టి చేసిన ఉక్కు వైసు. దాని ధర యింకా హెచ్చు.

మరి మీకేది కావాలి? ఆకురాయి పట్టడం, రంపంతో కొయ్యడం, నట్లు బిగించడం, బేరింగు ఊడదీయడం – యీ పనులకు మంచి పోత ఇనుప వైసు చాలు, లావు గోడలున్నది చూసుకోండి. కడ్డీలు వంచడం, చీలలు దిగగొట్టడం, తుప్పు పట్టిన బోల్టును సుత్తెతో అదరగొట్టడం – యిటువంటి దెబ్బల పని తరచుగా వుంటే ఎస్.జి. ఐరన్ వైసు మీద పెట్టిన అదనపు డబ్బు వృథా పోదు. కొట్టువాడు "యిది స్టీలండీ, విరగదు" అంటే వెంటనే నమ్మవద్దు. పోత మీదనే ఆ ఇనుము రకం అచ్చువేసి వుందా అని చూడండి. బిల్లు మీద కూడా ఆ రకం పేరు రాయించుకోండి. రాయడానికి వెనుకాడితే సంగతి మీకే అర్థమవుతుంది. బెంచి వైసులకు ఐ.ఎస్. 2586 అనే భారత ప్రమాణం వుంది. ఆ అంకె గల సరుకు వుందేమో అడగడం కూడా మంచిది.

ఇనుము పేరు తెలిసింది. యిప్పుడు కొట్లోనే చేయదగిన పరీక్షలు చెబుతాను. దీనికి పెద్ద సామానేమీ అక్కర్లేదు. ఒక కాగితం, ఒక చిన్న పానా, మీ కళ్లు, మీ చేతులు చాలు.

మొదటిది, వైసును బోర్లించి చూడండి. పై రంగు అందరికీ నచ్చేట్టు వేస్తారు. అడుగున అంత శ్రద్ధ వుండదు. పోతలో గాలి చిక్కుకుంటే బొక్కలు పడతాయి. కొందరు ఆ బొక్కల్లో మక్కు కూరి రంగు పూస్తారు. అనుమానం వున్నచోట తాళంచెవితో గీసి చూడండి. మక్కు అయితే పిండిలాగా రాలుతుంది. ముఖ్యంగా దవడ మెడ దగ్గర, అంటే దవడ పైకి లేచే వంపు దగ్గర, బొక్కలున్న వైసును అక్కడే వదిలిపెట్టండి. బిగించినప్పుడు ఆ వంపు లోపలివైపునే లాగుడు పడుతుంది. లాగుడుకు పోత ఇనుము తట్టుకోదని యిప్పుడే చెప్పుకున్నాం.

రెండవది, దవడలను పూర్తిగా విప్పండి. కదిలే దవడ చివర పట్టుకుని కిందికీ పైకీ, ఆ పక్కకూ యీ పక్కకూ ఊపి చూడండి. అరగని కొత్త వైసులో కూడా కొంచెం కదలిక వుంటుంది. కాని బండి ఇరుసు అరిగిన చక్రంలాగా లటలటా ఆడితే ఆ వైసు తీసుకోవద్దు. యీనాడు అంత ఆడేది నాలుగేళ్లు పోయాక వస్తువును వంకరగా పట్టుకుంటుంది.

మూడవది, దవడలను మెల్లగా దగ్గరకు తెచ్చి వెలుతురుకు యెదురుగా పెట్టి సందు చూడండి. రెండు పక్కలా సందు సమంగా వుండాలి. పై అంచులు ముందుగా తాకి, కింద వెంట్రుకవాసి సందు మిగిలితే అది లోపం కాదు. గట్టిగా బిగించినప్పుడు కదిలే దవడ పైభాగం కొద్దిగా వెనక్కు వాలుతుంది. అప్పుడు రెండు ముఖాలూ సరిగా కలుస్తాయి. కింద ముందుగా తాకి, పైన సందు వుంటే మాత్రం అది లోపమే. బిగించినకొద్దీ పైసందు పెరుగుతుంది, వస్తువు పైకి జారిపోతుంది.

నాలుగవది కాగితం పరీక్ష. దవడకు యీ చివర ఒక కాగితం పట్టీ, ఆ చివర ఒకటి పెట్టి బిగించండి. రెండూ లాగి చూడండి. ఒకటి బిగిసి, రెండోది సులువుగా ఊడివస్తే దవడలు సమంగా లేవన్నమాట.

అయిదవది మర. వైసుకు ప్రాణం మరలోనే వుంది. మర చుట్లు చదరపు ఆకారంలో గాని, కొంచెం వాలు గల మొద్దు ఆకారంలో గాని లావుగా వుండాలి. మామూలు బోల్టుకున్నట్టు మొనదేరిన సన్న చుట్లుంటే త్వరగా అరిగిపోతాయి. దవడను మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూడండి. ఒకచోట తేలికగా, ఒకచోట బిగువుగా తిరిగితే మర వంకరగా వున్నట్టు. బిగించిన తరువాత కడ్డీని వెనక్కు తిప్పండి. పావు చుట్టు తిరిగేసరికి దవడ కదలడం మొదలుపెట్టాలి. అర చుట్టు, ముప్పావు చుట్టు వట్టిగా తిరిగితే నట్టు వదులుగా వుందన్నమాట. ఆ నట్టు వైసు కడుపులో వుంటుంది. దాన్ని విడిగా మార్చుకునే వీలుందా, లేక దిమ్మెతో కలిపి పోశారా అని అడగండి. విడిగా వుండేదే మంచిది. అరిగినప్పుడు నట్టు ఒక్కటే మారిస్తే వైసు మళ్లీ కొత్తది అవుతుంది.

ఆరవది దవడ పలకలు. పట్టు కోసం దవడ ముఖాలకు గట్టి ఉక్కు పలకలు, గరుకు గీతలతో వుంటాయి. యివి మరమేకులతో బిగించి, విప్పడానికి వీలుగా వుండాలి. పలక గట్టిదనం తెలుసుకోవాలంటే, కొట్టువాడి అనుమతితో పలక చివర మూల మీద ఆకురాయిని ఒకసారి లాగండి. నీళ్లు పోసిన ఉక్కయితే ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతుంది. కొరికితే మెత్తది, గీతలు త్వరలో నున్నబడి పట్టు పోతుంది.

కొన్ని వైసులు అడుగున చుట్టూ తిరిగే చక్రపు పీటతో వస్తాయి. పొడుగాటి పైపును యే మూలకు కావాలంటే ఆ మూలకు తిప్పుకోవడానికి అది వీలే. కాని కీలు యెక్కువైనకొద్దీ గట్టిదనం తగ్గుతుంది. సుత్తె పని యెక్కువున్న రైతుకు తిరగని పీటే మేలు. తిరిగేదే కావాలంటే ఒక బోల్టుతో కాక, రెండు బోల్టులతో బిగించేది చూసి కొనండి. పైపుల పని యెక్కువైతే, మామూలు దవడల కింద పైపు కోసం పళ్లున్న వంపు దవడలు గల రకం కూడా దొరుకుతుంది. అది వుంటే గుండ్రని పైపు తిరిగిపోకుండా నిలుస్తుంది.

యిక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. వైసు యెంత బలంగా పట్టుకుంటుందో తెలిస్తే దాన్ని యెంత జాగ్రత్తగా వాడాలో కూడా తెలుస్తుంది. మర మధ్య నుంచి మీ చెయ్యి పట్టిన చోటికి 20 సెంటీమీటర్లు దూరం వుందనుకుందాం. ఒక చుట్టు తిప్పితే చెయ్యి సుమారు 125 సెంటీమీటర్లు తిరుగుతుంది. మర మాత్రం ఒక చుట్టుకు అర సెంటీమీటరే ముందుకు పోతుందనుకోండి. అంటే చెయ్యి దవడ కంటె 250 రెట్లు దూరం నడిచింది. రాపిడి అనేదే లేకపోతే మీరు పెట్టిన 20 కిలోల బలం దవడ దగ్గర 250 రెట్లు, అంటే 50 క్వింటాళ్లు అవుతుంది. రాపిడిలో ముప్పావు భాగం పోయిందనుకున్నా, మిగిలేది పన్నెండున్నర క్వింటాళ్లు. 75 కిలోల వడ్ల బస్తాలు పదహారు ఒకదాని మీద ఒకటి పేర్చినంత బరువు! ఆ రాపిడి పూర్తిగా నష్టమని కూడా అనుకోవద్దు. రాపిడి వుండబట్టే చెయ్యి తీసేసినా మర వెనక్కు తిరగకుండా పట్టు నిలుస్తోంది.

యిప్పుడు కొందరు చేసే పని చూడండి. పట్టు చాలలేదని కడ్డీకి ఒక పొడుగాటి పైపు తొడుగుతారు. 20 సెంటీమీటర్లు కాస్తా 60 అవుతుంది. బలం మూడింతలై 37 క్వింటాళ్లు దాటుతుంది. తయారుచేసినవాడు కడ్డీ పొడుగును వైసు బలానికి తగినట్టు లెక్కవేసి పెట్టాడు. మనిషి బలం మితిమీరితే కడ్డీ ముందు వంగాలి, దవడ విరగకూడదని ఆ యేర్పాటు. పైపు తొడిగితే ఆ కాపుదల పోయినట్టే. కడ్డీని సుత్తెతో కొట్టి బిగించడం కూడా యిటువంటిదే. చేతి బలానికి పట్టు చాలకపోతే, మీకు కావలసింది యింకా పెద్ద వైసే గాని, పొడుగాటి పైపు కాదు.

వైసు కొన్నంత మాత్రాన సగం పనే అయింది. బిగించడం రెండో సగం. కదిలే బల్ల మీద యెంత మంచి వైసు పెట్టినా చెయ్యి వేసేసరికి బల్ల నడుస్తుంది. రైతు కొట్టంలో అన్నిటికంటె చవుకగా, గట్టిగా అమరేది తుమ్మ మొద్దు. బాగా ఆరిన నల్లతుమ్మ మొద్దు, ఒక అడుగు లావుది, తీసుకోండి. రెండున్నర అడుగులు భూమిలోకి దించి, చుట్టూ గులకరాళ్లూ మొరమూ పోసి దిమ్మిస చేయండి. భూమిలో వుండే భాగానికి చెదలు పట్టకుండా తారు పూయండి. బల్ల మీదే బిగించదలిస్తే, బల్ల కాలికి సరిగ్గా పైన బిగించండి, మధ్యలో కాదు. కాలి మీద దెబ్బ నేలలోకి పోతుంది. మధ్యలో దెబ్బ బల్లను అదరగొడుతుంది. మేకులూ, చెక్క మరమేకులూ చాలవు. పలక కిందిదాకా దిగే బోల్టులు వేసి, అడుగున ఇనుప పట్టీగాని, పెద్ద వాషర్లుగాని పెట్టి నట్లు బిగించాలి.

యెత్తు యెంతుండాలి? వైసు పక్కన నిటారుగా నిలబడి, పిడికిలి గడ్డం కింద పెట్టుకోండి. మోచెయ్యి దవడల పై అంచును తాకీ తాకనట్టు వుండాలి. అంతకంటె కిందికి వుంటే నడుము వంగుతుంది. పైకి వుంటే ఆకురాయి మీద బరువు పడదు. పని చేసేది మీరైతే మీ మోచేతినే కొలతగా పెట్టుకోండి, పొరుగువాడిది కాదు. యింకొక సంగతి. కదలని దవడ బల్ల అంచు కంటె ఒక వేలెడు బయటికి వుండాలి. అప్పుడే పొడుగాటి కడ్డీని నిలువుగా పట్టించినా బల్లకు తగలకుండా కిందికి దిగుతుంది.

వాడుకలో మరికొన్ని మాటలు గుర్తుంచుకోండి. సుత్తెతో కొట్టవలసి వస్తే దెబ్బ కదలని దవడ వైపుకు పడేట్టు నిలబడండి. కదిలే దవడ మీద పడే దెబ్బ మర చుట్ల మీదా, నట్టు మీదా పడుతుంది. చాలా వైసులకు వెనుక చిన్న దాగలి లాంటి చదును వుంటుంది. అది చిన్న చీల చదును చేసుకోవడానికే. సమ్మెట పనికి దాగలి వేరే వుంది.

యెర్రగా కాలిన ఇనుమును బెంచి వైసులో పట్టవద్దు. వేడికి దవడ పలకల నీరు దిగిపోయి మెత్తబడతాయి. కాలిన ఇనుము పట్టి కొట్టడానికి వేరే రకం వుంది. దాని దవడ కింద ఒక పొడుగాటి కాలు నేలదాకా దిగి వుంటుంది. అది పోత కాదు, సాగగొట్టిన ఇనుము. దెబ్బ బరువు కాలి గుండా నేలలోకి పోతుంది. కొలిమి వున్నచోట అదే సరైనది. పాత కమ్మరి కొట్టాల్లో యిటువంటివి యిప్పటికీ కనబడతాయి. దొరికితే వదలకండి.

రోటవేటరు కత్తులు వంగితే చల్లగా వుండగా వైసులో పట్టి సుత్తెతో సరిచేయ చూడవద్దు. అవి నీళ్లు పోసి గట్టిపరచిన ఉక్కు. వంగడానికి బదులు తునిగి ముక్క యెగరవచ్చు. వాటిని మార్చడమే సరి. ప్లాస్టిక్ పైపులు, ఇత్తడి నాజిళ్లు, పంపు ఇరుసులు పట్టవలసి వచ్చినప్పుడు దవడలకు మెత్తని తొడుగులు వేయండి. రాగి రేకుగాని, అల్యూమినియం రేకుగాని దవడ మీదికి వంచి తొడిగితే చాలు. రెండు చెక్క ముక్కలు పెట్టినా చాలు. గరుకు పళ్లు ఇరుసు మీద గీతలు పెడితే ఆ ఇరుసు కొత్త బేరింగును కూడా తినేస్తుంది. వెల్డింగు చేసేటప్పుడు ఎర్తు వైరు కొక్కేన్ని వైసుకు తగిలించకుండా, పని చేసే ముక్కకే తగిలించండి. లేకపోతే కరెంటు మర గుండా పోయి చుట్ల మీద గుంటలు పెడుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఉలి పనిగాని, సానపట్టే పనిగాని చేయవద్దు. పిల్లలు కడ్డీతో ఆడుకోకుండా చూడండి. కడ్డీ పైనుంచి జారి దిగినప్పుడు గుబ్బ కింద వేలు పడితే నలుగుతుంది.

పాత వైసు కొనవచ్చా అని చాలామంది అడుగుతారు. తప్పకుండా కొనవచ్చు. ఫ్యాక్టరీలు మూసినప్పుడు, పాత ఇనుము వేలం వేసినప్పుడు కొత్తవాటి కంటె గట్టివి దొరుకుతాయి. తుప్పు పట్టిందని భయపడవద్దు; తుప్పు పోతుంది. పగులు మాత్రం పోదు. పగులు కనిపెట్టే ఉపాయం ఒకటుంది. వైసును శుభ్రంగా తోమి, అనుమానమున్న చోట కిరసనాయిలు పూయండి. కాసేపు వుంచి పొడిగుడ్డతో బాగా తుడవండి. దాని మీద సుద్దముక్క రుద్దండి. పగులు వుంటే అందులో చేరిన కిరసనాయిలు మెల్లగా సుద్దలోకి వూరి, తడిగీత కనబడుతుంది. విరిగి అతికించిన వైసు యెంత చవుకగా వచ్చినా వద్దు. పోత ఇనుమును ముందుగా సమంగా కాచి, అతికిన తరువాత మెల్లగా చల్లార్చకపోతే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. అది సరిగ్గా జరిగిందో లేదో పైకి చూసి చెప్పలేము.

కొన్న తరువాత కాపాడుకోవడం పెద్ద పనేమీ కాదు. వారానికొకసారి ఇనుప రజను కుంచెతో దులపండి, నోటితో ఊదవద్దు, కళ్లలో పడుతుంది. జారుడు దిమ్మెకు పలచని నూనె, మరకూ నట్టుకూ గ్రీజు పెట్టండి. వానకాలంలో పొడి గోనెపట్టా కప్పండి. తడి గోనె కప్పడం కంటె కప్పకపోవడమే నయం. పని అయిపోయాక దవడలను బిగించి వదలవద్దు. వేలెడు సందు విడిచి, కడ్డీని నిలువుగా కిందికి దించి వుంచండి. దారిన పోయేవాళ్ల నడుముకు తగలదు.

గ్రామాల్లో పనిచేసే వ్యవసాయ విస్తరణ సిబ్బందికి ఒక మనవి. పనిముట్ల ప్రదర్శనలు పెట్టినప్పుడు ట్రాక్టరు చుట్టూ జనం మూగుతారు; వైసును యెవరూ చూడరు. ఒక మూల బల్ల వేసి రెండు వైసులు పక్కపక్కన పెట్టండి, మంచిదొకటి, చెడ్డదొకటి. కాగితం పట్టీలు రైతుల చేతికే యిచ్చి బిగించి లాగమనండి. కిరసనాయిలు, సుద్దముక్క పరీక్ష వాళ్ల చేతనే చేయించండి. చేత్తో చేసి చూసినది గంట ఉపన్యాసం కంటె యెక్కువ కాలం గుర్తుంటుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ వంటి చోట్లకు యువ రైతులను పంపేటప్పుడు, ట్రాక్టరు నడపడంతో పాటు ఆకురాయి పట్టడం, రంపం లాగడం, మర కొయ్యడం కూడా నేర్చుకుని రమ్మని చెప్పండి. నడపడం వచ్చి నిలబెట్టడం రానివాడికి, ట్రాక్టరు చెడిన రోజున యెద్దులున్న పొరుగువాడే దిక్కు.

యింతవరకు చెప్పినదాన్ని కొట్లోకి పోయేముందు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పనికి తగిన సైజు, దెబ్బకు తగిన ఇనుము, బొక్కలు లేని అడుగు, ఆడని దవడ, పై అంచున కలిసే ముఖాలు, రెండు చివరలా ఆగే కాగితం, లావు చుట్ల మర, మార్చుకోవడానికి వీలైన నట్టూ పలకలూ. యెనిమిది సంగతులు. యివి చూడడానికి పావుగంట పడుతుంది. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సంతలో యెద్దు నోరు తెరిపించినప్పుడు కూడా అమ్మేవాడు విసుక్కుంటాడు; అయినా మనం పళ్లు చూడకుండా పగ్గం పట్టుకోము గదా!